సంతకమ్మ వెనక్కి తీసుకున్న రిపోర్టు

ఆ ఆసుపత్రిలో హార్మోన్ల ల్యాబు కింది అంతస్తులో, మెట్ల వెనక ఉంటుంది. అక్కడ పెత్తనమంతా సంతకమ్మది. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, ఇరవై రెండేళ్లుగా ఆమె సంతకం పడనిదే ఒక్క కాగితం కూడా ఆ గుమ్మం దాటింది లేదు కాబట్టి ఆసుపత్రి మొత్తం అలాగే పిలుస్తుంది. మొదట్లో చాటుగా అనేవాళ్లు, తరవాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు. ఆమె కోప్పడలేదు సరికదా, లోలోపల మురిసిపోయింది. నా సంతకం ఉన్న అంకె మీద ఇల్లు కట్టుకోవచ్చు అనేది. ఇల్లు సంగతి ఏమో గానీ, డాక్టర్లు మాత్రం ఆ అంకెలు చూసే మందులు రాస్తూ వచ్చారు, కత్తులు పడుతూ వచ్చారు.

కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజు పాఠం ఆమే చెబుతుంది. మెదడు కింద శనగగింజంత గ్రంథి ఒకటి వేలాడుతూ ఉంటుంది, పిట్ట కొంచెం కూత ఘనం అంటారే, అదన్నమాట. మనిషి ఎత్తు పెరగాలన్నా, గడ్డం మొలవాలన్నా, బాలింతకు పాలు పడాలన్నా అది రక్తంలోకి రవ్వంత హార్మోను వదలాలి. ఆ రవ్వంత ఒళ్లంతా తిరుగుతుంది, కనిపించిన తలుపునల్లా తడుతుంది, కానీ తన మాట తెలిసినవాళ్లే తలుపు తీస్తారు. ఎంత ఉంటుందమ్మా అంటే, నీళ్ల ట్యాంకరులో చిటికెడు పంచదార కలిపినంత. ఆ చిటికెడును పట్టుకుని కొలవడం మన ఉద్యోగం, కాబట్టి కబుర్లు కట్టిపెట్టి పని చూడండి అని పాఠం ముగించేది.

మిషను పక్కన గోడకు ఒక కాగితం ఉండేది. తొమ్మిదేళ్ల కిందట ఆమే రాసి అంటించింది. హార్మోను తాను కొలవగల హద్దు దాటిందని మిషను చెబితేనే ఆ రక్తాన్ని పలచన చేసి మళ్లీ పెట్టాలి, చెప్పకపోతే అక్కర్లేదు, ఊరికే పలచన చేసి కిట్లు తగలెయ్యొద్దు అని దాని సారాంశం. కింద సంతకం. చూడ్డానికి బుద్ధిగల మాటే. తొమ్మిదేళ్లలో దాన్ని కాదన్నవాడు లేడు.

ఇక ఆమె మరిది సంగతి. సిటీ బస్సు డ్రైవరు. పంతొమ్మిదేళ్లుగా బస్సు మీద గీత పడనివ్వలేదని చెప్పుకు తిరిగేవాడు. ఆమె ఆ ఇంటికి కోడలుగా వచ్చేనాటికి వాడు పన్నెండేళ్లవాడు. ఆరోజు నుంచి ఇద్దరూ ఎదురుపడితే చాలు, ఇంట్లో మిగతావాళ్లు నోరు మూసుకుని వినాల్సిందే. వాడు ఆమె ల్యాబును రక్తం కొట్టు అంటాడు. ఆమె వాడి బస్సును రేకుల డబ్బా అంటుంది. ఒకరికొకరు లోకువ ఇవ్వకపోవడమే వాళ్ల ప్రేమ.

అలాంటివాడు మూడు నెలల్లో మూడుసార్లు బస్సును గుద్దించాడు. ఒకసారి పక్క బండి అద్దం, ఒకసారి డిపో గేటు స్తంభం, మూడోసారి ఆగి ఉన్న తోపుడుబండి. మూడూ పక్కనుంచే. కళ్ల డాక్టరు చూసి ఎదురుగా ఉన్నది బాగానే కనబడుతోంది, రెండు పక్కలా మాత్రం చీకటేనని తేల్చాడు. గుర్రానికి గంతలు కట్టినట్టు అన్నాడట. తల స్కాను తీయిస్తే ఆ శనగగింజ గ్రంథి దగ్గర నిమ్మకాయంత కణితి ఉంది. కళ్లనరాలు సరిగ్గా దాని పైనుంచే వెళ్తాయి. కణితి పెరిగి వాటిని నొక్కేస్తోంది.

పై అంతస్తులో చేర్చారు. రక్తం పరీక్షలు కింద ల్యాబుకు వచ్చాయి. అడిగిన పరీక్షల్లో ప్రొలాక్టిన్ ఒకటి, బాలింతలకు పాలు పట్టించే హార్మోను. మగవాళ్లలో మామూలుగా పదిహేను లోపు ఉంటుంది. మరిది రక్తం కదా అని సంతకమ్మ ఎవరి చేతికీ ఇవ్వకుండా తనే సూది గుచ్చింది, తనే మిషన్లో పెట్టింది. అరవై ఎనిమిది వచ్చింది. కొంచెం ఎక్కువే గానీ మరీ భయపడేంత కాదు అనుకుంది. తేలిక పడ్డ మనసుతో సంతకం గీసి పైకి పంపింది.

పైన సర్జను ఆ అరవై ఎనిమిదిని ఇంకోలా చదివాడు. తప్పు ఆయనది కాదు. ఈ హార్మోను విషయంలో మెదడు ఎప్పుడూ గ్రంథిని అదుపులో పెడుతూ ఉంటుంది, ఇంక చాలు ఇంక చాలు అని పైనుంచి కబురు పంపుతూ ఉంటుంది. కణితి ఏదైనా ఆ దారిని నొక్కితే కబురు సరిగ్గా అందక హార్మోను కాస్త పెరుగుతుంది. అరవై ఎనిమిది అంటే ఆ బాపతే. కణితే హార్మోను తయారు చేస్తుంటే ఇంత పెద్దదానికి అంకె వేలల్లో ఉండాలి. వేలల్లో ఉంటే మాత్రలతో కరిగిపోతుంది, కత్తి అక్కర్లేదు. అరవై ఎనిమిదే కాబట్టి మాత్రలు పనిచెయ్యవు, కోసి తియ్యాల్సిందే. ఇంత పెద్దది ముక్కు దారిన అందదు, తల ఎముక తెరవాలి. చూపు తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, ఉన్నది పోనూవచ్చు. సర్జను దాచకుండా అన్నీ చెప్పాడు. గురువారం పొద్దున తొమ్మిదింటికి ఆపరేషన్ అన్నాడు. ఇంటిల్లిపాదీ తల ఊపారు. సంతకమ్మ కూడా ఊపింది. ఆ అంకె తనదేనన్న ధైర్యంతోనే ఊపింది.

బుధవారం మధ్యాహ్నం ఆమె పై అంతస్తుకు వెళ్లేసరికి మరిది పెళ్లాం, తన తోడికోడలు, మంచం పక్క అర సర్దుతోంది. మరిదిని ఏదో పరీక్షకు చక్రాల కుర్చీలో తీసుకెళ్లారట. తోడికోడలు మంచిది, కాకపోతే పది మాటల్లో తొమ్మిది మింగేసే మనిషి. ఆరోజు సర్దిన బట్టలే మళ్లీ సర్దుతూ, చెప్పనా వద్దా అని కాసేపు నీళ్లు నమిలింది.

"అక్కా, ఒకటి అడుగుతాను, నవ్వకూడదు. నీకు చెబితే ఒట్టే అన్నాడు. రెండేళ్లుగా ఈయన బనీన్లు రొమ్ముల దగ్గర గంజి పెట్టినట్టు అట్టకడుతున్నాయి. చెమట అంటాడు. చెమట అక్కడే పడుతుందా?"

సంతకమ్మ నవ్వలేదు. ఇంకా ఏమిటని అడిగింది. తోడికోడలు ఒకసారి మొదలుపెట్టాక ఆగలేదు. ఒకప్పుడు రెండు పూటలా గడ్డం గీసుకునే మనిషి ఇప్పుడు పదిరోజులకోసారి గీసుకుంటే ఎక్కువట. మొగుడూ పెళ్లాల సంగతి అడగొద్దంది, ఒకే గదిలో ఉంటున్నాం అంతే అంది. ఆయన మనసు ఇంకెక్కడో ఉందేమోనని ఏడాదిపాటు ఏడ్చానని కూడా చెప్పింది. అది చెప్పేటప్పుడు మాత్రం కిటికీవైపు తిరిగి చెప్పింది.

మరిది కుర్చీలో తిరిగి వచ్చాడు. సంతకమ్మ తెర లాగి సూటిగా అడిగేసింది. వాడు పెళ్లాం వంక ఒక చూపు చూసి, ఇక దాచి లాభం లేదని ఒప్పుకున్నాడు. నొక్కితే పాలలాంటివి వస్తున్నాయన్నాడు. డాక్టర్లు అడిగితే లేదన్నాడట. నీ చెవిన పడితే నేను ముసలివాణ్ణయి పోయేదాకా ఏడిపిస్తావని చెప్పలేదు, ఇప్పుడు నవ్వుకో ఫర్వాలేదన్నాడు. సంతకమ్మకు ఏడుపొచ్చింది. ముప్ఫై ఏళ్ల వేళాకోళం వాడి నోటికి తాళం వేసిందని ఆ క్షణాన ఆమెకు తెలిసింది. వాడి తల మీద చెయ్యి వేసి, ఇప్పుడే వస్తానని చెప్పి మెట్లు దిగింది.

దిగుతుంటే అంకెలు ఒకదానితో ఒకటి పోట్లాడుకున్నాయి. నిమ్మకాయంత కణితి. రెండేళ్లుగా పాలు. గడ్డం మొలవడం లేదు. ఇంత కథ నడిపించింది అరవై ఎనిమిదా? ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, మిషను చెప్పింది కదా అని తను సంతకం పెట్టేసింది. తనకు చదువు చెప్పినవాళ్లు ఎప్పుడో చెప్పిన సంగతి, పరీక్ష కోసం చదివి పరీక్ష గదిలోనే వదిలేసి వచ్చిన సంగతి, ఆఖరి మెట్టు మీద గుర్తొచ్చింది.

ఆ మిషను కొలిచే తీరు వినండి. ఇల్లు మారేటప్పుడు ట్రంకు పెట్టెలు మోయిస్తున్నారనుకోండి. పెట్టెకు రెండు పిడులు. ఎడమ పిడి పట్టడానికి ఒక జట్టు ఉంది, వాళ్లు గది విడిచి కదలరు. కుడి పిడి పట్టడానికి ఇంకో జట్టు, వాళ్ల తలకు దీపాలు కట్టి ఉంటాయి. ఒకే పెట్టెను చెరోవైపు పట్టుకున్నారా, దీపం మనిషి కూడా గదిలోనే ఉండిపోతాడు. తక్కిన దీపాలవాళ్లను బయటికి గెంటేస్తారు. మిషను లోపల మిగిలిన వెలుగు చూసి పెట్టెలెన్నో చెబుతుంది. హార్మోనే ఆ పెట్టె. వెలుగు ఎక్కువైతే హార్మోను ఎక్కువ.

అంతవరకు బాగానే ఉంది. కానీ పెట్టెలు కుప్పలుతెప్పలుగా వచ్చి పడితే? ఎడమ జట్టుకు తలా ఒక పెట్టె దొరుకుతుంది, దీపాల జట్టుకు తలా ఒక వేరే పెట్టె దొరుకుతుంది. ఒకే పెట్టెను ఇద్దరు పట్టుకునే అవసరమే రాదు. దీపాలవాళ్లు తమ పెట్టెలతో సహా బయటికి పోతారు. గదిలో నాలుగు దీపాలు మిగులుతాయి. ఇల్లంతా పెట్టెలతో ఊపిరాడక చస్తుంటే మిషను ఆ నాలుగు దీపాలు చూసి, పెట్టెలు కాసినే ఉన్నాయండీ అంటుంది. హద్దు దాటిందని చచ్చినా చెప్పదు. దానికి దాటినట్టు తెలిస్తే కదా. ఆ మాట చెబితే తప్ప పలచన చెయ్యొద్దని గోడ మీద కాగితం అంటించింది ఎవరు మరి?

ల్యాబులోకి వెళుతూనే ఆమె ఆ కాగితాన్ని పీకి పారేసింది. ఫ్రిజ్‌లో మరిది రక్తం ట్యూబు అలాగే ఉంది, వారం దాకా దాచడం అక్కడి అలవాటు. ఒక వంతు రక్తానికి తొంభై తొమ్మిది వంతులు పలచన చేసే ద్రవం కలిపి మిషన్లో పెట్టింది. పద్దెనిమిది నిమిషాలు పడుతుంది. ఆ పద్దెనిమిది నిమిషాలూ ఆమె కూర్చోలేదు. వచ్చిన అంకె రెండు వందల పద్దెనిమిది. వందతో గుణించాలి కాబట్టి ఇరవై ఒక్క వేల ఎనిమిది వందలు. అక్కడితో ఆగలేదు. వెయ్యి వంతులకు పలచన చేసి పెట్టింది. ఇరవై రెండు వేల నాలుగు వందలు. కొత్త ట్యూబుతో పైకి వెళ్లి, కారణం చెప్పకుండా మరిది చేతినుంచి మళ్లీ రక్తం తీసుకొచ్చి మొదటినుంచి చేసింది. అదే ఇరవై రెండు వేల చిల్లర.

ల్యాబు పెద్ద డాక్టరు శాంతమూర్తి. ఎవరితోనూ గొడవ అక్కర్లేని మనిషి. అంతా విని, కాగితాలు చూసి, మంచిపని చేశావమ్మా అన్నాడు. తరవాత గొంతు తగ్గించి, మొదటిసారి శాంపిల్ మారిపోయిందని రాసి కొత్త రిపోర్టు పంపేద్దాం, ఎవరికీ మాట రాదు అని సలహా ఇచ్చాడు. సంతకమ్మను కాపాడాలనే ఆయన ఉద్దేశం, అందులో కల్లాకపటం లేదు.

"శాంపిల్ మారలేదు డాక్టరుగారూ. మారిందని రాస్తే అందరూ ట్యూబును తిట్టుకుని మర్చిపోతారు, రేపు ఇంకొకరు ఇదే తప్పు చేస్తారు. తప్పు నేను పెట్టిన రూలుది. నాదని రాయండి, కింద సంతకం నేను పెడతాను."

ఆయన రాశాడు. ఆమె పెట్టింది. ఇరవై రెండేళ్లలో తన రిపోర్టును తనే కొట్టేసుకోవడం అదే మొదలు. విచిత్రం ఏమిటంటే ఆమెకు సిగ్గు వేసింది గానీ భయం వెయ్యలేదు.

సర్జను గది బయట ఇంకా ఎనిమిదిమంది రోగులున్నారు. సంతకమ్మ వాళ్లను దాటుకుని లోపలికి వెళ్లి రెండు రిపోర్టులూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. ఆయన చదివి, కళ్లజోడు తీసి ఆమె వంక అనుమానంగా చూశాడు. రేపు పొద్దునకు థియేటర్ సిద్ధంగా ఉంది, మత్తు డాక్టరు సిద్ధంగా ఉన్నాడు, ఇప్పుడు వచ్చి అంకె మార్చమంటే ఎలా అన్నాడు. పేషెంటు మీ మరిది కదా, సొంతవాళ్ల తల కోస్తారంటే ఎవరికైనా ఏదో ఒకటి దొరికితే బాగుండుననే ఉంటుందని కూడా అన్నాడు. మాట మెత్తగానే అన్నాడు గానీ గుచ్చుకుంది.

"మరిది కాబట్టే రెండోసారి చూశానండి, ఆ సిగ్గు నాకుంది. కానీ వాడు నా మరిదని మిషనుకు తెలియదు కదా. నీళ్లు కలిపితే ఏదైనా పలచబడాలి. దీని వెలుగు పెరిగింది. పెరిగిందంటే మొదటిది అబద్ధం. మూడుసార్లు చేశాను. కావాలంటే మీ ఎదురుగా నాలుగోసారి చేస్తాను."

సర్జను లేచాడు. స్కాను మళ్లీ వెలుగులో పెట్టి చూశాడు. పాల సంగతి అడిగాడు, ఆమె చెప్పింది. ఆయన ఫోనెత్తి థియేటర్‌కు రేపటి మొదటి ఆపరేషన్ లేదని చెప్పాడు, హార్మోన్ల డాక్టరును పైకి రమ్మన్నాడు. ఫోను పెట్టాక, రేపు ఈపాటికి తల తెరిచి, అక్కర్లేని పని ముగించి ఉండేవాణ్ణి అన్నాడు. ఆమెతో అన్నాడో తనలో అనుకున్నాడో తెలియదు. గుమ్మం దాకా వచ్చి తలుపు మాత్రం ఆయనే తీశాడు.

వారానికి రెండు మాత్రలు. అంతే వైద్యం. వాటి పని మెదడు పంపే ఆ కబురులాంటిదే, ఇంక చాలు అని కణితికి చెప్పడం. నిమ్మకాయంత కణితికి ఇంత చిన్న మాత్రా అని తోడికోడలు ముక్కున వేలేసుకుంది. ఆరోరోజు కళ్ల డాక్టరు వచ్చి మంచం ఎదురుగా కూర్చుని, మరిదిని తన ముక్కువైపే చూడమని, పక్కల నుంచి వేళ్లు చూపించాడు. ఎడమపక్క రెండు అన్నాడు వాడు. కుడిపక్క ఒకటి, కాదు మూడు. డాక్టరు చెయ్యి ఇంకా వెనక్కి జరిపాడు. నాలుగు. తోడికోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వరండాలోకి వెళ్లిపోయింది. కణితి ఇంకా చాలా కరగాలి, బస్సు ఎక్కడానికి నెలలు పట్టొచ్చు, కానీ దారి ఇదేనని డాక్టరు చెప్పి వెళ్లాడు.

సంతకమ్మ అప్పటిదాకా మరిదికి అసలు సంగతి చెప్పలేదు. ఎవరో చెబితే తెలియడం కంటే తను చెప్పడమే మేలనుకుని స్టూలు లాక్కుని కూర్చుంది. ఆపరేషన్ దేవుడు ఆపలేదు, అదృష్టమూ ఆపలేదు. అసలు ఆపరేషన్ దాకా తెచ్చిందే తన సంతకం. కాగితం సంగతి, తొమ్మిదేళ్ల సంగతి, పెట్టెల సంగతి ఏదీ వదలకుండా చెప్పింది. వాడు వేళాకోళం చేస్తాడని ఎదురుచూసింది. రక్తం కొట్టు మూసెయ్యమంటాడనుకుంది. తిట్టినా బాగుండుననుకుంది.

వాడు చాలాసేపు దుప్పటి అంచును మడతపెట్టాడు, విప్పాడు. పంతొమ్మిదేళ్లు జనాన్ని మోసిన మనిషి, తన వెనక సీట్ల మీద ఎంతమంది కూర్చున్నారో ఎప్పుడూ మర్చిపోలేదు.

"వదినా, తొమ్మిదేళ్లంటున్నావు. నేనొక్కణ్ణేనా?"

ఆరు రోజులుగా ఆ ప్రశ్న ఆమె లోపలే దాగి ఉంది. వాడు బయటికి లాగాడు, అంతే. మిగతావాళ్లు ఎవరికీ వదిన కాదు, వాళ్ల రక్తాన్ని రెండోసారి ఎవరు చూశారు? ఆమె లేచి నిలబడి, చూసి చెబుతాను అంది. వాడు తల ఊపాడు.

కింద కంప్యూటర్లో తొమ్మిదేళ్ల ప్రొలాక్టిన్ రిపోర్టులన్నీ తీయించింది. బిడ్డకు పాలిస్తున్నవాళ్లు, గర్భిణులు, అంకె సరిగ్గా ఉన్నవాళ్లు పోగా, మరిదిలా కాస్తంత ఎక్కువ ఉండి, పరీక్ష చీటీ మీద తల స్కాను సంగతి ఉన్నవాళ్లు నలభై ఒక్కమంది మిగిలారు. పెద్ద డాక్టరు ముందు ఉత్తరాలు రాద్దామన్నాడు. ఉత్తరాలూ రాయండి, ఈలోపు నేను ఫోన్లు చేస్తాను అంది. తలుపు దగ్గరకు వేసి, మొదటి పేరు నుంచి మొదలుపెట్టింది. నేను ఫలానా ల్యాబు నుంచి, మీ రిపోర్టు మీద సంతకం నాది, అది తప్పయి ఉండొచ్చు, ఒకసారి రండి, మళ్లీ చేస్తాను. అందరికీ అవే మాటలు, తడబడకుండా. ముగ్గురు రేపే వస్తామన్నారు. ఒకావిడ తిట్టి పెట్టేసింది. ఆమె పేరు పక్కన మళ్లీ చెయ్యాలని రాసుకుంది.

ఆరో నంబరు ఒక పెద్దాయన ఎత్తాడు. రిపోర్టు ఆయన భార్యది, ఐదేళ్ల కిందటిది. ఆయన మొత్తం విన్నాడు. తరవాత, ఆపరేషన్ అప్పుడే అయిపోయిందమ్మా అన్నాడు. మనిషి బాగానే ఉంది, వంట చేస్తుంది, కూనిరాగాలు తీస్తుంది, కళ్లు మాత్రం పోయాయి అన్నాడు. ఎవరిమీదా నేరం వెయ్యకుండా, వాతావరణం చెప్పినట్టు చెప్పాడు.

సంతకమ్మ కళ్లు మూసుకుంది. ఆ రిపోర్టు నిజంగా తప్పో కాదో ఇంకా తెలియదు. తెలియదనే మాట వెనక దాక్కోవచ్చు, దాక్కుంటే అడిగేవాడు లేడు. ఆమె కళ్లు తెరిచి, కలం తీసుకుని, కాగితం దగ్గరకు లాక్కుంది.

"మీ ఇల్లెక్కడో చెప్పండి బాబాయిగారూ. ఆమెతో నేనే వచ్చి మాట్లాడతాను."